లేని మబ్బులు

పంట మోడల్ నడపడానికి రోజుకు నాలుగంకెలు చాలు. ఆ రోజు గరిష్ఠ ఉష్ణోగ్రత, కనిష్ఠ ఉష్ణోగ్రత, వాన, నేలమీద పడిన ఎండ. ఇవి కాక నేల ఎలాంటిది, రకం ఏది, ఊడ్పులెప్పుడు, యూరియా ఎప్పుడు చల్లాం అన్నవి ఒక్కసారి చెబితే, నారు దగ్గర్నుంచి కోత దాకా ఒక్కో రోజే లెక్క కట్టుకుంటూ పోయి, చివర్న హెక్టారుకి ఇన్ని కిలోలని తేలుస్తుంది. అసలు పొలంలో నాలుగు నెలలు పట్టే పని కంప్యూటర్లో రెప్పపాటు. ముప్ఫై ఏళ్ళ పంటలు పండించి, టీ తాగి రావచ్చు. ఈ సుఖమే నన్ను ఈ రంగంలోకి లాగింది. నన్ను చెడగొట్టిందీ ఇదే.

ఆ నాలుగింట్లో మూడు ఎక్కడైనా దొరుకుతాయి. నాలుగోదానితోనే చిక్కు. ఎండని నేరుగా కొలిచే పైరనోమీటరు అప్పట్లో అన్ని కేంద్రాల్లోనూ ఉండేది కాదు. మా దగ్గర ఉన్నది పాతకాలపు గాజు గోళం. పంతొమ్మిదో శతాబ్దంలో క్యాంప్‌బెల్ కనిపెట్టి స్టోక్స్ మెరుగుపరిచినది. ఎండ కాసినంతసేపూ ఆ గోళం వెనకున్న కార్డు సన్నటి గీతగా కాలుతూ పోతుంది. మబ్బు పడితే గీత ఆగుతుంది. సాయంత్రం అబ్జర్వరు వచ్చి కాలిన గీత పొడవు కొలిచి, ఇవాళ ఎండ ఇన్ని గంటలని రిజిస్టర్లో రాసి, మర్నాటికి కొత్త కార్డు పెట్టి వెళతాడు. ఆ గంటల్ని మెగాజౌళ్ళలోకి మార్చే సూత్రం 1924 నుంచీ ఉంది, ఆంగ్‌స్ట్రామ్ అనే స్వీడన్ శాస్త్రవేత్తది.

అంటే నాకు కావలసిందంతా బీరువాలోనే ఉంది. కాకపోతే రిజిస్టర్లలో ఉంది. దుమ్ముపట్టి, కొన్ని పేజీలు చెదలు తిని, కొన్ని నెలలకి కార్డుల సరఫరా లేక ఖాళీగా ఉన్నాయి. దశాబ్దాల రికార్డుని చేత్తో టైపు చేయాలి. నేను పీహెచ్‌డీ చేస్తున్నవాణ్ణి. టైపిస్టుని కాను అన్న అహం ఒకటి. బద్ధకం అనే మాట వాడుకోవడం ఇష్టంలేక అప్పట్లో దాన్ని ‘సమయాన్ని సద్వినియోగం చేసుకోవడం’ అనుకునేవాణ్ణి.

బద్ధకస్థుడికి సైన్సులో దారులు చాలా ఉంటాయి. 1982లో హార్‌గ్రీవ్స్, సమానీ అనే ఇద్దరు ఒక చక్కటి చిన్న సూత్రం ఇచ్చారు. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజు పగలు బాగా కాస్తుంది, రాత్రి బాగా చల్లబడుతుంది. మబ్బు పట్టిన రోజు పగలు వేడెక్కదు, రాత్రి చల్లబడదు. కాబట్టి పగటి గరిష్ఠానికీ రాత్రి కనిష్ఠానికీ ఉన్న తేడా చూస్తే ఆ రోజు ఎండెంతో అంచనా కట్టొచ్చు. ఆ తేడాకి వర్గమూలం తీసి, ఆ తేదీకి ఆ అక్షాంశంలో వాతావరణం పైన పడే ఎండతో హెచ్చవేసి, దాన్ని ఒక గుణకంతో హెచ్చవేయాలి. గుణకం సముద్రతీరానికైతే 0.19, లోతట్టు ప్రాంతానికైతే 0.16. కొలిచిన ఎండ లేనిచోట దీన్ని వాడుకోవచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో తెచ్చిన పుస్తకంలోనూ ఉంది. సూత్రంలో దోషం ఏమీ లేదు. ఇప్పటికీ దాన్ని గౌరవిస్తాను.

ఎక్సెల్ షీటులో ఒక వరసలో గరిష్ఠం, పక్కన కనిష్ఠం, మూడో వరసలో ఈ సూత్రం. ఒక్కసారి కిందికి లాగితే ముప్ఫై ఏళ్ళ ఎండ తయారు. రిజిస్టర్లు బీరువాలోనే ఉండిపోయాయి.

నా విషయం గోదావరి డెల్టా దాళ్వా (రబీ) వరి. సార్వా (ఖరీఫ్) కంటే దాళ్వాలో దిగుబడి ఎక్కువ రావడానికి ముఖ్య కారణం ఎండే. డిసెంబరు, జనవరుల్లో ఊడ్చిన చేను మార్చిలో ఈని పాలు పోసుకుంటుంటే పైన మబ్బుతునక ఉండదు. రాబోయే రోజుల్లో భూమి వేడెక్కితే ఈ పంట ఏమవుతుందన్నది నా ప్రశ్న. అందులోనూ రాత్రి వేడి. ఎందుకంటే 2004లో ఫిలిప్పీన్స్‌లో లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి ఒక పేపరు వచ్చింది. పెంగ్, అతని సహచరులు రాసినది. వాళ్ళ కేంద్రంలో పాతికేళ్ళలో పగటి ఉష్ణోగ్రత 0.35 డిగ్రీలు పెరిగితే రాత్రిది 1.13 డిగ్రీలు పెరిగింది. ఎండకారు పంటలో కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా దిగుబడి 10 శాతం తగ్గుతూ వచ్చింది. పగటి వేడితో అంత సంబంధం కనబడలేదు. రాత్రి వేడి ఎక్కువైతే మొక్క పగలు సంపాదించుకున్నది రాత్రి శ్వాసక్రియలో ఖర్చు పెట్టేసుకుంటుందనేది అందరూ మొదట చెప్పుకున్న కారణం.

ఆ పేపరు నాకు కంఠస్థం. నిజం చెప్పాలంటే, మోడల్ నడపకముందే నాకేం జవాబు రావాలో నాకు తెలుసు.

మోడల్ డీశాట్ అనే సాఫ్ట్‌వేర్‌లోని సెరీస్-రైస్. రకం కాటన్‌దొర సన్నాలు, అదే ఎంటీయూ 1010. భవిష్యత్తు వాతావరణం కోసం పాత వాతావరణాన్నే తీసుకుని, రోజూ పగటికి 1 డిగ్రీ, రాత్రికి 3 డిగ్రీలు కలిపాను. షీటు తనంతట తనే మూడో వరస మళ్ళీ లెక్క కట్టుకుంది. నేను ఆ వరస వంక చూడలేదు. ఎందుకు చూస్తాను? ఎండ జోలికే నేను పోలేదు కదా.

దిగుబడి బాగా పడిపోయింది. ఎంత బాగా అంటే, డిగ్రీకి లెక్కేస్తే ఫిలిప్పీన్స్ అంకెకు కూతవేటు దూరంలో ఆగింది. ఆ సాయంత్రం నేను పడ్డ సంబరం నా పెళ్ళినాడు కూడా పడలేదు (ఈ వాక్యం మా ఆవిడ చదవదని నా నమ్మకం). ఎక్కడి లాస్ బాన్యోస్, ఎక్కడి పశ్చిమ గోదావరి! వాళ్ళు పొలంలో కొలిచినది నేను కంప్యూటర్లో తేల్చాను. గైడు గారు భుజం తట్టారు. థీసిస్‌లో రెండు పేజీల చర్చ రాశాను: రాత్రి శ్వాసక్రియ పెరగడం వల్ల పిండిపదార్థాలు ఎలా ఖర్చయిపోయాయో, గింజ బరువు ఎలా తగ్గిందో. సెమినార్లో చెప్పాను. పేపరు వేశాను. నా అంకె ఇంకెవరి నివేదికలోకో వెళ్ళింది, అక్కణ్ణుంచి మరో నివేదికలోకి.

అంత అజాగ్రత్త మనిషినా అంటే, కాదు. అదే థీసిస్‌లో ఒక సంవత్సరం దిగుబడి సగానికి సగం పడిపోయింది. దాని అంతు చూసేదాకా నిద్రపోలేదు. నేల వివరాలు చూశాను, రకం గుణకాలు చూశాను, వాతావరణం ప్రతి వరసా వేలు పెట్టి చదివాను. చివరికి చూస్తే రెండో దఫా యూరియా తేదీ కోత అయిపోయాక పడేలా టైపు చేశాను. మోడల్ పాపం చెప్పినట్టే చేసింది. ఆ తప్పు పట్టుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అంటే నాకు వెతకడం చేతకాక కాదు. నచ్చని జవాబు వచ్చినప్పుడే వెతికాను. కరెంటు బిల్లు రెట్టింపు వస్తే మీటరు దగ్గరికి పరిగెత్తుతాం, సగమే వస్తే నోరు మూసుకుని కట్టేస్తాం. మీ ఇంట్లోనూ అంతే కదా.

కొన్నేళ్ళు గడిచాయి. నేనే గైడునయ్యాను. నా దగ్గరకొచ్చిన ఎమ్మెస్సీ అమ్మాయికి చేయి తిరగడానికి ముందు నా పాత పనే ఒకసారి చేసి చూపించమన్నాను. ఆ అమ్మాయి వాతావరణం ఫైలు తిరగరాయలేదు. డీశాట్‌లో అందుకు వేరే ఏర్పాటు ఉంది: రోజూ కనిష్ఠానికి ఇంత కలుపు, గరిష్ఠానికి ఇంత కలుపు అని ప్రయోగం ఫైలులోనే రాసేయొచ్చు. మిగతావాటి జోలికి అది పోదు. అది దగ్గరి దారి కదాని అందులో వెళ్ళింది. ఆమెకు వచ్చిన నష్టం నా అంకెలో సగం కూడా లేదు.

నేనేం చేసి ఉంటానో మీరు ఊహించగలరు. మందలించాను. షార్ట్‌కట్లు పనికిరావన్నాను. ఈ మాట అన్నది ఎవరు, అనిపించుకున్నది ఎవరు అన్నది తల్చుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మళ్ళీ చేసుకు రమ్మన్నాను. చేసుకొచ్చింది.

“సార్, మీ ఫైలు పెట్టి నడిపితే మీ అంకే వస్తోందండి. నా పద్ధతిలో చేస్తే రావట్లేదు. డిగ్రీలు మాత్రం రెండింట్లోనూ ఒకటేనండి,” అంది. ఆ గొంతులో ఎదురు చెప్పడం లేదు. తన తప్పెక్కడో చెబుతానని ఎదురుచూస్తోంది. రెండు ఫైళ్ళూ ఉంచి వెళ్ళమన్నాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక రెండూ అచ్చు తీసి బల్లమీద పక్కపక్కన పెట్టాను. ఆ ఫైళ్ళలో తేదీ తర్వాత మొదటి వరసే ఎండ. ఆ తర్వాతే గరిష్ఠం, కనిష్ఠం, వాన. అయినా నా కళ్ళు అలవాటుగా ఉష్ణోగ్రతల మీదికే పోయాయి. అవి సరిగ్గా ఉన్నాయి. స్కేలు పెట్టి ఒక్కొక్క రోజే పోలుస్తూ వస్తున్నాను. జనవరి మధ్యకి వచ్చేసరికి స్కేలు కొంచెం ఎడమకి జరిగింది. ఆ అమ్మాయి ఫైలులో ఎండ 17 మెగాజౌళ్ళ దగ్గరుంది. నా ఫైలులో అదే రోజు 15 దగ్గరుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

మొదట అచ్చు తప్పనుకున్నాను. తర్వాత, భవిష్యత్తు వాతావరణంలో ఎండ తగ్గించమని ఎవరైనా చెప్పారా, నేనేమైనా తగ్గించి మర్చిపోయానా అని ఆలోచించాను. పాత షీటు తెరిచి ఆ గడిమీద నొక్కాను. పైన పట్టీలో సూత్రం కనబడింది. గరిష్ఠం తీసివేత కనిష్ఠం, దానికి వర్గమూలం.

అప్పుడు తగిలింది. పగలు 30, రాత్రి 20 ఉన్న రోజు తీసుకోండి. తేడా 10, వర్గమూలం 3.16. నేను పగటికి 1, రాత్రికి 3 కలిపాను. 31, 23. తేడా 8, వర్గమూలం 2.83. ఎండలో పదో వంతు మాయం. రాత్రులు వేడెక్కాయని నేను చెబితే, పగటికీ రాత్రికీ తేడా తగ్గింది కాబట్టి మబ్బులు పట్టి ఉంటాయనుకుంది సూత్రం. దాని తప్పేముంది, దానికి తెలిసిన లోకంలో రాత్రి వెచ్చగా ఉండటానికి అదొక్కటే కారణం. భూమి వేడెక్కడం గురించి దానికి ఎవరూ చెప్పలేదు. దాళ్వా నాలుగు నెలలూ, ముప్ఫై ఏళ్ళపాటూ, గోదావరి డెల్టా నెత్తిన ఒక్కరోజు కూడా వదలకుండా లేని మబ్బులు కప్పి, ఆ చీకట్లో వరి పండించాను నేను. ఎండ తగ్గితే ఆ మోడల్లో పైరు బరువు దాదాపు అదే పాళ్ళలో తగ్గుతుంది. నా నష్టంలో సగానికి పైగా ఆ మబ్బులదే.

కాసేపు అలాగే కూర్చున్నాను. తర్వాత థీసిస్ తీసి ఆ రెండు పేజీల చర్చ చదివాను. శ్వాసక్రియ, పిండిపదార్థాలు, గింజ బరువు. చదువుతుంటే ఇంకో సంగతి తట్టింది, ఇది మొదటిదానికంటే ఘోరం. సెరీస్-రైస్‌లో శ్వాసక్రియకి విడిగా లెక్కే లేదు. పడిన ఎండలో ఇంత పాలు పైరు బరువుగా మారుతుందని టోకున లెక్క వేస్తుంది. శ్వాసక్రియని విడదీసి లెక్కకట్టేది ఒరైజా అనే వేరే మోడల్. నా మోడల్లో లేని ప్రక్రియతో, నా వాతావరణంలో లేని మబ్బులు చేసిన నష్టాన్ని వివరిస్తూ రెండు పేజీలు రాశాను. పరీక్షకులు బాగుందన్నారు. నవ్వొచ్చింది. నవ్వకపోతే ఏం చేయాలో తెలియలేదు కూడా.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి నీదే సరైనదని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. “అయితే నేను మళ్ళీ చేయక్కర్లేదా అండీ?” అంది. శాస్త్రచరిత్ర అంతా నామీద విరుచుకుపడుతుంటే ఆ పిల్ల బాధ ఆ పిల్లది.

బీరువాలోంచి రిజిస్టర్లు దించాను. టైపు చేయడం అనుకున్నంత పెద్ద పనేం కాలేదు. ఈ మాట రాయడం కష్టంగా ఉంది, అయినా అంతే. గాజు గోళం కార్డుల లెక్కతో ఎండని సరిచేసి, ఖాళీలున్న నెలలు వదిలేసి నడిపితే, అంకె ఆ అమ్మాయి అంకెకు దగ్గరగా వచ్చింది. మిగిలిన నష్టం ఎక్కువగా పంట తొందరపడటం వల్ల. వేడి పెరిగితే పైరు త్వరగా ఈని త్వరగా పండుతుంది, గింజ నిండే రోజులు తగ్గుతాయి. అయితే ఈ కొత్త అంకె నిజమని కూడా చెప్పలేను. రాత్రి శ్వాసక్రియ ఖర్చు ఈ మోడల్ చూడదు కాబట్టి బహుశా ఇది తక్కువ చెబుతోంది. పాతది ఎక్కువ చెప్పింది. ఎటువైపు తప్పుతున్నానో తెలియడం మాత్రం నాకదే మొదటిసారి.

అన్నింటికంటే సిగ్గుపడాల్సింది వేరే ఉంది. 2006లో షీహీ, మిచెల్, ఫెరర్ అనే ముగ్గురు అదే అంతర్జాతీయ వరి సంస్థ రికార్డుల మీద ఒక పేపరు రాశారు. ఆ కేంద్రం రికార్డుల్లో రాత్రి వేడీ, ఎండ తగ్గడమూ కలిసే నడుస్తున్నాయి, కాబట్టి దిగుబడి తగ్గిన నేరమంతా రాత్రి వేడిమీదే మోపకూడదు, ఎండ వాటా కూడా చూడాలని వాళ్ళ వాదన. అంటే నా షీటులో ఏం జరిగిందో దాదాపు అదే చిక్కు, అసలు ప్రపంచంలో. ఆ పేపరు నేను చదవలేదా? చదివాను. థీసిస్‌లో ఉటంకించాను కూడా. ‘అయితే కొందరు భిన్నాభిప్రాయం వ్యక్తం చేశారు’ అని ఒక వాక్యం. భిన్నాభిప్రాయం ఏమిటో పట్టించుకోకుండా దాన్ని ఉటంకించడం ఎలాగో పీహెచ్‌డీ చేసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ కథ ఒక పెళ్ళిలో మా బావగారికి చెప్పాను. ఆయన చేతిలో కాఫీ గ్లాసు పక్కన పెట్టి, “అయితే ఈ వాతావరణ మార్పు అంతా మీ కంప్యూటర్లోంచి పుట్టిందేనన్నమాట!” అన్నారు, ఎన్నాళ్ళనుంచో అనుమానిస్తున్నట్టు. అప్పుడు నాకు అసలు భయం వేసింది. నా తప్పు ఒప్పుకుంటే మొత్తం అబద్ధమని ఆయన తీర్పు చెప్పేశారు.

అలా కాదు బావగారూ అని చాలాసేపు చెప్పాల్సొచ్చింది. రాత్రి వేడి నిర్దోషి కాదు. 2010లో వెల్చ్ బృందం ఆరు ఆసియా దేశాల్లో 227 మంది రైతుల పొలాల లెక్కలు తీసి, ఎండని విడిగా లెక్కలోకి తీసుకున్నాక కూడా రాత్రి వేడి వరి దిగుబడిని తగ్గిస్తోందని చూపించింది. పూత సమయంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే గంటసేపైనా చాలు, పుప్పొడి చెడి తాలు గింజలు ఎక్కువవుతాయి. అది ఏ కంప్యూటరూ కనిపెట్టింది కాదు. 2022 మార్చి మన దేశంలో 1901 నుంచి నమోదైన మార్చి నెలలన్నింటికంటే పగటిపూట వేడిగా గడిచి, గోధుమ గింజ నిండకముందే పండిపోయింది, ఆ మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతులు ఆపేసింది. 2017లో ఝావో, సహచరులు మోడళ్ళూ, గణాంకాలూ, పొలాల్లో వేడి పెట్టి చేసిన ప్రయోగాలూ అన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. ప్రపంచం సగటున ఒక డిగ్రీ వేడెక్కితే గోధుమ 6 శాతం, మొక్కజొన్న 7.4 శాతం, వరి 3.2 శాతం తగ్గుతాయని తేలింది. వరి అంకె పక్కన మాత్రం అటూ ఇటూ 3.7 అని రాసి ఉంటుంది. అంకెకంటే అనుమానం పెద్దది. ఆ అనుమానంలో నాలాంటివాళ్ళ వాటా ఎంతో తెలియదు గానీ, గోధుమకి 27 మోడళ్ళని ఒకేచోట పరీక్షించిన 2013 నాటి పనిలో ఒక మాట తేలింది: భవిష్యత్తు అంచనాల్లో తేడాలు వాతావరణ మోడళ్ళ మధ్య కంటే పంట మోడళ్ళ మధ్యే ఎక్కువ. ఒక్క మోడల్‌ని నమ్మొద్దు, పదీ ఇరవై కలిపి చూడండి అంటారు అందుకే. మంచిదే. కానీ నేను ఆ 27 మోడళ్ళకీ నా ఫైలే పెట్టి ఉంటే ఇరవయ్యేడూ నా మబ్బుల కిందే పంట పండించేవి.

బావగారు అంతా విని, “మరి ఈసారి దాళ్వా వేయమంటావా, మానమంటావా?” అన్నారు. కాలవకి నీళ్ళెప్పుడు వదులుతారో దాన్ని బట్టి చూసుకోమన్నాను.

పత్రికకు సవరణ పంపాను. చాన్నాళ్ళకి వేశారు, చివరి పేజీలో. నివేదికల్లోకి వెళ్ళిన అంకె మాత్రం వెనక్కి రాలేదు. అది ఇప్పుడు నా పేరు లేకుండా కూడా తిరుగుతోంది.

ఈమధ్య ఒక పత్రిక నుంచి సమీక్షకి పేపరు వచ్చింది. వేరే రాష్ట్రంలోని వరి మీద. రాసినవాళ్ళు కుర్రవాళ్ళని శైలి చూస్తేనే తెలుస్తోంది, ఉత్సాహం పొంగుతోంది. తమ ఫలితం ఫలానా పాత ఫలితంతో అద్భుతంగా సరిపోయిందని రాశారు. ఆ ఫలానా నేనే. పద్ధతుల భాగానికి వెళ్ళి వెతికాను. ఒకే వాక్యం ఉంది: ‘సూర్యరశ్మిని ఉష్ణోగ్రతల ఆధారంగా అంచనా వేయడమైనది.’

ఇప్పుడు నేను వాళ్ళకి చెప్పాల్సింది, ఆ పేపరు తప్పు, దాని సవరణ చదవండి అని. సమీక్షకుడి పేరు బయటికి రాకూడదు. పైగా తన వ్యాసాలే ఉటంకించమని పట్టుబట్టే సమీక్షకులు ఎలాంటివాళ్ళో ఎడిటర్లందరికీ తెలుసు. సవరణ పేరు నేనెత్తితే ఆ జాబితాలో చేరతాను, ఎత్తకపోతే ఆ రాష్ట్రం మీద ఇంకో విడత మబ్బులు కమ్ముతాయి. గడువు శుక్రవారం. ఇప్పటికి ఒక్క వాక్యమే రాశాను: మీ రెండు వాతావరణ ఫైళ్ళలోనూ ఎండ వరస ఒకసారి పక్కపక్కన పెట్టి చూడగలరు.